‘రెబెలియన్’ ముగింపులో హోమురా చేసింది ద్రోహమా?

జపాన్ యానిమే ‘మడోకా మాజికా’ మొదటి రెండు సినిమాలు చూసి కన్నీళ్లు పెట్టుకున్నానని, మూడోదైన ‘రెబెలియన్’ చూశాక మాత్రం ఒళ్లు మండిందని రాశారు. మడోకా చేసిన త్యాగాన్ని ఆమె స్నేహితురాలు హోమురా చివర్లో బూడిదలో పోసిన పన్నీరు చేసేసింది కదా, ఈ ముగింపు ఎందుకు పెట్టారు అన్నది మీ ప్రశ్న. కథంతా విప్పకుండా దీనికి జవాబు చెప్పలేను. చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

ముందు సూటిగా చెప్పేస్తాను. త్యాగం వృథా కాలేదు. టీవీ సిరీస్ చివర మడోకా కోరుకున్నది ఒక్కటే. గతంలోగానీ భవిష్యత్తులోగానీ ఏ మాజికల్ గర్ల్ (ఒక కోరిక తీర్చుకుని, బదులుగా పోరాడే మాయాశక్తి గల అమ్మాయి) కూడా నిరాశలో మునిగి మంత్రగత్తెగా మారకూడదు, మారకముందే తానొచ్చి తీసుకెళ్లాలి. ఆ కోరికతో ఆమె దేవతగా, లోకాన్ని నడిపే ఒక నియమంగా మారింది. ఆ నియమం ‘రెబెలియన్’ ముగిశాక కూడా అలాగే ఉంది. హోమురా లాక్కున్నది ఆ నియమంలో ఒక ముక్కను మాత్రమే. దేవతగా మారకముందు మనిషిగా ఉన్న మడోకాను. పైగా ఇదంతా మొదలుపెట్టిన, అమ్మాయిల కోరిక తీర్చి మాజికల్ గర్ల్స్‌గా మార్చే క్యూబే జాతిని లొంగదీసి, లోకంలోని శాపాల బరువును వాటి నెత్తినే పెట్టింది. కాబట్టి అమ్మాయిలు మళ్లీ మంత్రగత్తెలవుతారన్న భయం అక్కర్లేదు. మీకు కోపం తెప్పించింది ఫలితం కాదనుకుంటాను, మడోకాను అడగకుండా చేయడం. అక్కడ మీ కోపం న్యాయమే.

కానీ హోమురా ఉన్నట్టుండి అలా అయిపోలేదు. టీవీ సిరీస్ 2011 జనవరి నుంచి ఏప్రిల్ దాకా వచ్చింది, మొత్తం 12 భాగాలు. అందులో పదో భాగం పూర్తిగా హోమురాది. జబ్బుపడి లేచి, రెండు జడలు, కళ్లద్దాలతో కొత్త స్కూల్లో చేరిన భయస్థురాలు తను. మొదటి స్నేహితురాలైన మడోకా చనిపోతే, ఈసారి నేనే తనను కాపాడాలని కోరుకుని, నెలరోజుల కాలాన్ని మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పుకుంది. ప్రతిసారీ మడోకా చనిపోవడమో, మంత్రగత్తె కావడమో చూసింది. ఒకసారైతే మడోకా అడిగితేనే తన చేత్తో ఆమెను కాల్చి చంపింది. ఇంత చేసినా చివరికి మడోకా ఎవరికీ గుర్తులేని ఒక నియమంగా మారిపోయింది. కన్నతల్లికి కూడా గుర్తులేదు. గుర్తున్నది హోమురాకే. చిన్న తమ్ముడు తత్సుయా మాత్రం ఏదో తెలిసినట్టు ఆ పేరు పలుకుతూ బొమ్మ గీస్తుంటాడు. లోకమంతా గెలిచిన ఆ రోజున హోమురా ఒక్కతే ఓడిపోయింది.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నేను ఈ సినిమాను చూసే తీరు అక్కడి నుంచే వచ్చింది. మాది రాజంపేట దగ్గర పల్లె. నా చిన్నప్పుడే అమ్మ పనికోసం కువైట్ వెళ్లింది. మా వైపు అది కొత్తేం కాదు, వీధికి ఇద్దరు ముగ్గురైనా అలా వెళ్లినవాళ్లుంటారు. ‘మీ అమ్మ మీకోసం ఎంత కష్టపడుతోందో చూడు’ అని చుట్టాలంతా అనేవాళ్లు. అది నిజమే. నా ఫీజులు ఆ డబ్బుతోనే కట్టారు. కానీ సెలవుకి వచ్చి మళ్లీ బయల్దేరేటప్పుడు అమ్మ పాస్‌పోర్టు ఎక్కడైనా దాచేయాలని ఉండేది నాకు. ఫోన్లో ఎప్పుడూ ‘బాగున్నాను, తిన్నావా’ అనేది. ఒక రాత్రి మాత్రం ‘నాకిక్కడ ఉండాలని లేదు నాన్నా’ అంది. మర్నాడు మామూలుగానే మాట్లాడింది. నాకు మాత్రం ఆ ఒక్క మాటే మిగిలింది. తర్వాత ఎన్నిసార్లు బాగున్నానని చెప్పినా నమ్మలేదు.

‘రెబెలియన్’లో పూలతోట సీన్ గుర్తుందా? ఇంజనీరింగ్ హాస్టల్లో ఆ సినిమా చూసినప్పుడు నా రూమ్మేట్లు గన్ ఫైట్ గురించి మాట్లాడుకుంటుంటే, నేను ఆ సీన్ దగ్గరే ఆగిపోయాను. మడోకా లేని లోకం ఒకటి ఉన్నట్టు కలగన్నానని హోమురా ఏడుస్తూ చెబుతుంది. మడోకా ఆమె జుట్టు జడలు అల్లుతూ, అందరికీ అంత దూరంగా ఒంటరిగా ఉండటం నావల్ల కాదు, అంత ధైర్యం నాకు లేదు అన్నట్టు మాట్లాడుతుంది. హోమురా పట్టుకున్నది ఆ మాటనే. ఆ తర్వాత చేసిన ప్రతి పనికీ ఆధారం అదే. మడోకాకు ఇష్టం లేకపోయినా ఆమెను అంత భారం మోయనిచ్చానని, ఎలాగైనా ఆపి ఉండాల్సిందని ఆమె అక్కడే తీర్మానించుకుంది. చివరి పది నిమిషాల్లో కథ అడ్డం తిరిగిందని చాలామంది అంటారు గానీ, నా లెక్కలో అది ఈ పూలతోటలోనే తిరిగింది.

అయితే ఒక సంగతి హోమురా పక్కన పెట్టేసింది. ఆ పూలతోట ఉన్నది హోమురా తెలియకుండానే కట్టుకున్న ఊహాలోకంలో, అక్కడున్న మడోకాకు తాను చేసిన నిర్ణయం గుర్తులేదు. తోటి మాజికల్ గర్ల్స్ అయిన మామి చనిపోవడం, సయాకా మంత్రగత్తె కావడం, క్యూబే మోసం ఇవేవీ తెలియని అమ్మాయి చెప్పిన జవాబది. అన్నీ చూసి, తెలిసి ఒప్పుకున్న మడోకా వేరు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. భయపడింది నిజం, భయపడుతూనే వెళ్లిందీ నిజం. మా అమ్మ విషయంలో నాకిది అర్థం కావడానికి ఉద్యోగంలో చేరేదాకా పట్టింది. ఉండాలని లేదన్న అమ్మే, చదువు పూర్తయ్యేదాకా ఉంటానని తనంతట తాను నిర్ణయించుకుంది. అందుకే హోమురా బాధ మొత్తం నాకు తెలిసినా, ఆమె చేసింది సరైనదని అనలేను. మడోకా జ్ఞాపకాలు తీసేసి, ఆమెకు బదులుగా తాను నిర్ణయించేసింది. అది ప్రేమే, సందేహం లేదు, ఆమె కూడా ఆ మాటే అంటుంది. ప్రేమ అయినంత మాత్రాన అనుమతి అవసరం లేకుండా పోదు.

ముగింపు ఎందుకలా పెట్టారన్నదానికి ఇంకో జవాబు కథలోనే ఉంది. సిరీస్ పన్నెండో భాగంలో, కొత్త లోకంలో, హోమురా తనంతట తానే క్యూబేకి మడోకా గురించి, పాత లోకంలోని మంత్రగత్తెల గురించి చెబుతుంది. అప్పుడు అది ఆసక్తికరమైన ఊహగా మాత్రమే వింటుంది. ‘రెబెలియన్’లో క్యూబే జాతి హోమురా సోల్ జెమ్ (మాజికల్ గర్ల్ ఆత్మ ఉండే రత్నం) చుట్టూ గోడ కట్టి, మడోకా వచ్చేదాకా కాపువేసి పట్టుకోవాలని చూసిన ప్రయోగం మొత్తం ఆ మాటల నుంచి పుట్టిందే. సిరీస్ ముగింపులో ప్రశాంతంగా అనిపించిన ఆ సంభాషణలోనే ప్రమాదం ఉందన్నమాట. రచయిత గెన్ ఉరోబుచి దాన్ని వదిలిపెట్టలేదు.

మొదటి అరగంట గురించి కూడా ఒక మాట. ఐదుగురూ బతికే ఉన్నారు, కలిసి పోరాడతారు, కలిసి టీ తాగుతారు, ఐదో మాజికల్ గర్ల్ క్యోకో సయాకా ఇంట్లో ఉంటూ స్కూలుకి వస్తుంది. ఒక్కొక్కరికీ నాట్యం చేస్తూ రూపం మారే పొడవాటి సీన్ ఉంది. మామూలు మాజికల్ గర్ల్ కథల్లో మనం ఆశించేదంతా దోసిలి నిండా ఇచ్చారు. అది ఊరికే ఇవ్వలేదు. సిరీస్‌లో గెకిదాన్ ఇనుకర్రీ అనే యానిమేటర్ల జంట చేసిన కాగితం ముక్కల వింత లోకాలు మంత్రగత్తెల గూళ్లలోనే కనిపించేవి. ఇక్కడ అవి ఊరి వీధుల్లోకే పాకుతాయి. పక్క ఊరికి వెళ్దామని హోమురా, క్యోకో బస్సెక్కితే మళ్లీ అదే ఊరికి తెచ్చి దింపుతుంది. ఆ అందమైన ఊరు హోమురా సోల్ జెమ్ లోపల ఆమె తెలియకుండానే కట్టుకున్నది. అది ఆమె కోరిక, అదే ఆమె జైలు. సినిమా చివర్లో ఆమె కట్టిన లోకం కూడా దాదాపు ఇలాంటిదే అని గమనిస్తే, దర్శకులు హోమురాను గెలిచినట్టు చూపించడం లేదని తెలుస్తుంది.

మీరు రీక్యాప్ సినిమాలు మాత్రమే చూశారు కాబట్టి ఒక సలహా. 2012 అక్టోబర్‌లో వచ్చిన ఆ రెండు సినిమాల్లో కథ అంతా ఉంది. అయినా సిరీస్‌లో ఒక అదనపు లాభం ఉంది. భాగాల మొదట్లో వచ్చే, క్లారిస్ అనే జపాన్ గాయనుల బృందం పాడిన పాట మడోకాదని అనుకుంటూ వింటాం. పదో భాగంలో అది మొదట్లో రాదు, హోమురా కథంతా చూశాక చివర్లో వస్తుంది. అప్పుడు అది ఎవరి పాటో తెలుస్తుంది. వారానికో భాగంగా ఆ పాట విన్నవాళ్లు 2013లో ‘రెబెలియన్’కు ఎలాంటి మనసుతో వెళ్లి ఉంటారో ఊహించొచ్చు. కనీసం పది, పదకొండు, పన్నెండు భాగాలు చూసి మళ్లీ సినిమా పెట్టుకోండి.

ఈసారి చూసేటప్పుడు చివర స్కూల్ కారిడార్ సీన్‌ను తొందరపడకుండా చూడండి. అమెరికా నుంచి తిరిగొచ్చిన విద్యార్థినిగా మడోకా వస్తుంది. ఒక్క క్షణం ఆమెలో దేవత మేల్కొనబోతే హోమురా గట్టిగా వాటేసుకుని ఆపుతుంది. నియమాలకు విలువిస్తావా, సొంత కోరికకా అని అడుగుతుంది. ఏమీ గుర్తులేని మడోకా కూడా, నియమాలను స్వార్థంతో మీరడం మంచిది కాదనే చెబుతుంది. అయితే ఒకరోజు నువ్వు నాకు శత్రువువి కావచ్చు అంటూనే హోమురా ఆమె రిబ్బన్ ఆమెకు తిరిగి కట్టేస్తుంది. జ్ఞాపకాలు తీసేసినా మడోకా మారలేదని, ఎప్పుడో ఒకప్పుడు తాను ఓడిపోతానని తెలిసే ఆమె ఇదంతా చేసింది. మీ కోపం పూర్తిగా పోతుందని చెప్పను, నాకూ పోలేదు.