పాత గోడౌన్‌ని ట్రస్ట్ ఆఫీసు చేయాలంటే డబ్బు ముందు దేనికి పెట్టాలి?

హైదరాబాద్‌లో మౌలాలి వైపు పాత గోడౌన్ తక్కువ అద్దెకి వస్తోంది, గ్లాస్ పార్టిషన్లు కొట్టించి ఏసీలు పెడితే ట్రస్ట్ ఆఫీసు అయిపోతుందా అని అడిగారు. అవుతుంది, కానీ గ్లాసుల పని చివర్లో పెట్టుకోండి. దివ్యాంగులకి వీల్‌చైర్లు, హియరింగ్ ఎయిడ్లు ఇచ్చే చిన్న ట్రస్ట్ మాది, సనత్‌నగర్ దగ్గర ఇలాంటి గోడౌనే తీసుకున్నాం. నన్నడిగితే బడ్జెట్‌లో సగం పైకప్పుకీ, గుమ్మానికీ పక్కన పెట్టేయండి.

పాతవాటికి చాలావరకు ఆస్‌బెస్టాస్ రేకులే ఉంటాయి. లైట్లు బిగిస్తానని ఎలక్ట్రీషియన్ డ్రిల్ పట్టుకుని ఎక్కితే ఆపేయండి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే జబ్బు ఏళ్ల తర్వాత బయటపడుతుంది. రేకు బాగుంటే దాన్ని ముట్టుకోకుండా ఫ్యాన్లు ఇనుప దూలాలకే క్లాంపులతో వేలాడదీయించండి, పగిలినవి మాత్రం తడిపి, ముక్కలు చేయకుండా దింపించాలి. పైన ఎండ వేడిని వెనక్కి కొట్టే తెల్ల కూల్ రూఫ్ పెయింట్ వేయించాం (2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్‌లకి పాలసీ కూడా తెచ్చింది). హాలంతటికీ ఏసీ అని మాత్రం అనుకోకండి, 18 అడుగుల ఎత్తు చల్లబడేసరికి కరెంటు బిల్లు చూసి మన గుండె చల్లబడుతుంది. హాల్లోనే ఓ మూల పఫ్ ప్యానెళ్లతో (మధ్యలో వేడిని ఆపే ఫోమ్ ఉన్న రేకు పలకలు) తక్కువ ఎత్తులో గది కట్టి కంప్యూటర్లు, అకౌంట్స్ అందులో పెట్టాం, మిగతా హాలుకి పైకప్పు మీద వేడి గాలిని బయటికి లాగే టర్బో వెంటిలేటర్లు. అవి గాలికే తిరుగుతాయి.

ఇక గుమ్మం. లారీలోంచి సరుకు దించడానికి వీలుగా గోడౌన్ ఫ్లోరు ఎత్తులో కడతారు, మాది రోడ్డుకి 3 అడుగుల పైన ఉంది. వీల్‌చైర్ ర్యాంపుకి వాలు 1:12 ఉండాలి, అడుగు ఎత్తుకి 12 అడుగులు, అంటే మాకు 36 అడుగుల పొడవు. మేస్త్రీ 10 అడుగుల్లో తేల్చేస్తానన్నాడు, "బైకులు ఎక్కేస్తాయి సార్" అని. బైకు ఎక్కుతుంది, చేత్తో చక్రం తిప్పుకునే మనిషి ఎక్కొద్దూ? గోడ వెంట మలుపు తిప్పి, మధ్యలో ఆగడానికి చదును వదిలి కట్టించాం. పార్కింగ్ సగం పోయింది, పోనీ.

రెండో దారి లేకపోతే ఆ గోడౌన్ అసలు తీసుకోకండి. 2022 మార్చిలో బోయిగూడ స్క్రాప్ గోడౌన్ తగలబడినప్పుడు పైన పడుకున్న 11 మంది బిహార్ కార్మికులు కిందికి రాలేక చనిపోయారు. వెనక గోడ పగలగొట్టించి బయటికి తెరుచుకునే తలుపు పెట్టించండి, షట్టర్‌ని దారిగా లెక్కేయొద్దు. వైరింగ్ మొత్తం మార్పించాలి, మీటరు ఇండస్ట్రియల్ కేటగిరీలో ఉంటే అదీ మార్పించుకోవాలి.

విదేశీ విరాళాలతో చేయిద్దామనుకుంటే ముందు మీ ఆడిటర్‌ని అడగండి. విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏలో ఆఫీసు అద్దె, రిపేర్లు పరిపాలనా ఖర్చు కిందికి వస్తాయి, వచ్చిన విరాళాల్లో ఆ ఖర్చుకి వాడుకోగల పరిమితిని 2020 సవరణలో 50 శాతం నుంచి 20కి దించేశారు. స్థానిక దాతలైతే ర్యాంపుకి ఇచ్చినంత సులువుగా రేకుల పెయింటుకి ఇవ్వరు, అదీ గుర్తుంచుకోండి.

లీజు 11 నెలల కాగితం మీద వద్దు. ఇంత ఖర్చు పెట్టాక ఓనర్ ఖాళీ చేయమంటే ఏం చేస్తారు? కనీసం ఐదేళ్లకి రిజిస్టర్ చేయించుకుని, ఖాళీ చేసేటప్పుడు ప్యానెళ్లు, ఏసీలు, వెంటిలేటర్లు మీరే విప్పుకెళ్తారని అందులో రాయించండి. ఓనర్ దానికి ఒప్పుకోకపోతే అద్దె ఎంత తక్కువైనా వేరేది చూసుకోండి.