బిగిసిన మూతలు, బలహీనమైన చేతులు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: నాకు అరవై నాలుగేళ్లు. కుడి బొటనవేలి మొదట్లో కీలు అరిగిందని వైద్యులు చెప్పారు. కొత్త జామ్ సీసా మూత తీయడం నా వల్ల కావడం లేదు. వేడి నీళ్లలో పెట్టి, గుడ్డ పట్టి తిప్పితే ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు. మా ఇంట్లోవాళ్లు మూతకు కత్తితో చిల్లు పొడిచి తీసేస్తుంటారు. అది చూస్తేనే నాకు భయం. వేరే దారి ఉందా?

జవాబు: ఉందండీ. అయితే ముందు ఆ మూతను పట్టి ఉంచుతున్నది ఏమిటో చూడాలి. కొత్త సీసాలో అది కేవలం మర బిగింపు కాదు. పదార్థాన్ని వేడిగా నింపి మూత వేస్తారు కాబట్టి, చల్లారేటప్పుడు లోపలి ఆవిరి నీరుగా మారి, మూత కింద గాలి పలచబడిపోతుంది. బయటి గాలి మాత్రం ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో చొప్పున ఎప్పటిలాగే ఒత్తుతూనే ఉంటుంది. 7 సెంటీమీటర్ల వెడల్పున్న మూత వైశాల్యం దాదాపు 38 చదరపు సెంటీమీటర్లు. లోపలి ఒత్తిడి బయటిదానిలో సగమే ఉందనుకుంటే, ఆ మూత మీద 19 కిలోల బరువు పెట్టినట్టే లెక్క. మీరు ఇన్నాళ్లూ ఆ బరువుతో సహా మూతను తిప్పాలని చూస్తున్నారు. ముందు దించవలసింది ఆ బరువు. తిప్పడం ఆ తరవాతి పని.

దించడానికి ఒక చిన్న చెంచా చాలు. ఇలాంటి రేకు మూతలను బోర్లించి చూస్తే, అంచు పొడవునా కొన్ని చోట్ల లోపలికి వంగిన చిన్న కొక్కేలు కనిపిస్తాయి. సీసా మెడ మీది మర గీతలను పట్టుకునేవి అవే. కొక్కేనికీ కొక్కేనికీ మధ్య అంచు కాస్త వదులుగా ఉంటుంది. ఆ సందులో చెంచా కాడ కొనను దూర్చి, రేకును బయటికి, అంటే సీసాకు దూరంగా, నెమ్మదిగా నెట్టాలి. ఒక చోట కదలకపోతే పక్క సందులో ప్రయత్నించాలి. గాలి లోపలికి దూరగానే మూత 'టప్పు'మని శబ్దం చేస్తుంది, మూత నడుమ కుంగి ఉన్న గుండ్రటి భాగం పైకి లేస్తుంది. అప్పటి నుంచి ఆ మూత, రోజూ మీరు తీసి పెట్టే మామూలు మూతే. సీసా మూతలు తీసే ఓపెనరు కొనతోనూ ఇదే పని చేయవచ్చు. కాడను గాజు మీద ఆనించి బలంగా మోపవద్దు. గాజు అంచు పెచ్చు లేచినట్టు ఏమాత్రం అనుమానం వచ్చినా లోపలి పదార్థాన్ని పారేయడమే మంచిది, వడకట్టి వాడుకుందామనే ఆలోచన వద్దు. ఇంకొక మాట: గాలి చొరబడిన క్షణం నుంచి ఆ సీసా తెరిచినదాని కిందే లెక్క. ఆ రోజు వాడకపోయినా ఫ్రిజ్‌లో పెట్టేయండి.

వేడి నీళ్ల సంగతికి వస్తే, ఇనుము గాజుకన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి మూత వదులవుతుందని అందరూ చెబుతారు. మాట నిజమే గాని, ఎంత వ్యాకోచిస్తుందో లెక్క వేసి చూడండి: 7 సెంటీమీటర్ల ఉక్కు మూత 40 డిగ్రీలు వేడెక్కినా పెరిగేది మిల్లీమీటరులో దాదాపు 30వ వంతు మాత్రమే. వేడి వల్ల కలిగే మేలులో ఎక్కువ భాగం మూత లోపలి అంచున ఉండే మెత్తటి పూత సడలడం వల్ల, అంచున గడ్డకట్టిన తీపి కరగడం వల్ల వచ్చేదే. మీకు ఒక్కోసారి ఫలించి ఒక్కోసారి ఫలించకపోవడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం. అంటుకుపోయిన మూతకు వేడి పనిచేస్తుంది, గాలి ఒత్తిడి పట్టిన మూతకు అంతగా పనిచేయదు. పెట్టదలిస్తే మూత వరకే మునిగేలా, ఒకటి రెండు నిమిషాలు, చేయి ఓర్చుకునే వేడిలో పెట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను వెంటనే వేడి నీళ్లలో పెడితే గాజు పగిలే ప్రమాదం ఉంది.

కత్తితో పొడవడం గురించి మీ భయం సరైనదే. గాలి లోపలికి వెళ్తుంది, మూత వస్తుంది. కానీ నున్నటి రేకు మీద కత్తి మొన జారితే తగిలేది సీసాను పట్టుకున్న ఎడమ చేతికే, పైగా ఆ మూత మళ్లీ పనికిరాదు.

ఇక తిప్పే పద్ధతి. బొటనవేలి కొనతో ఒక కిలో బలంతో ఏదైనా నొక్కి పట్టుకుంటే, దాని మొదట్లో ఉన్న కీలు మీద దాదాపు 12 కిలోల ఒత్తిడి పడుతుందని చేతి కీళ్ల గురించి చదివేవారు లెక్క కట్టారు. కాబట్టి మీ విషయంలో వేళ్లతో బిగించి పట్టడమే తప్పించవలసిన పని. సీసాను నడుముకన్నా తక్కువ ఎత్తున్న బల్ల మీద, కింద తడిగుడ్డ గాని రబ్బరు షీటు గాని పరిచి నిలబెట్టండి. రబ్బరు గ్లౌజు తొడుక్కుని అరచేతిని మూత మీద బోర్లా ఆనించి, మోచేతిని దాదాపు నిటారుగా ఉంచి, శరీరం బరువు కొంత దాని మీద మోపి, వేళ్లతో కాక భుజంతో తిప్పండి. చేతులు, మూత, సీసా మూడూ పొడిగా ఉండాలి. సీసా తిరిగిపోతుంటే సొరుగులో నిలబెట్టి, సొరుగును తొడతో నెట్టి పట్టుకోవచ్చు.


ప్రశ్న: ఒకసారి తెరిచిన తేనె సీసా మళ్లీ బిగుసుకుపోతోంది. నేనే మూత పెట్టాను, నేనే తీయలేకపోతున్నాను. ఎందుకిలా?

జవాబు: ఇక్కడ గాలి ఒత్తిడి పాత్ర తక్కువ. మర మీద కారిన తేనె ఎండి జిగురు పని చేస్తోంది. మూతను కొంతసేపు గోరువెచ్చటి నీళ్లలో తలకిందులుగా ఉంచి, అంచు చుట్టూ తడిగుడ్డతో తుడిచి, పైన చెప్పినట్టే అరచేత్తో తిప్పండి. ఆ తరవాత ప్రతిసారీ మూత పెట్టే ముందు సీసా మెడను, మూత లోపలి అంచును తుడవండి. మూత ఆగినచోట ఆపండి, 'ఇంకాస్త' అని బిగించవద్దు. గట్టిగా బిగిస్తేనే పాడవకుండా ఉంటుందనేది చాలామందికి ఉన్న నమ్మకం. ఆ అదనపు బిగింపు వల్ల పదార్థానికి ఒరిగేది ఏమీ ఉండదు. జిగురు, రంగు డబ్బాల వంటి తిననివాటికైతే మర మీద కొద్దిగా పెట్రోలియం జెల్లీ రాసి ఉంచితే మళ్లీ పట్టుకోదు.


ప్రశ్న: పెద్ద సీసాలు ఎలాగో తెరుస్తున్నాను గాని, నీళ్ల సీసాల చిన్న మూతలే నన్ను ఓడిస్తున్నాయి. చిన్న మూత సులువుగా రావాలి కదా?

జవాబు: రాకపోవడానికి కారణం దాని చిన్నతనమే. తిప్పే బలం, మూత మధ్య నుంచి అంచుకు ఉన్న దూరం మీద ఆధారపడుతుంది. ప్లాస్టిక్ సీసాల మూతలు చాలావరకు 28 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటాయి. 70 మిల్లీమీటర్ల మూతతో పోలిస్తే, అంతే తిప్పుడుకు వేళ్లు రెండున్నర రెట్లు బలం పెట్టాలి. పైగా కొత్త సీసాలో మూతకూ దాని కింది పట్టీకీ మధ్య ఉన్న సన్నటి ప్లాస్టిక్ ముక్కలన్నీ తెగాలి. అందువల్ల వేళ్ల బదులు పొడుగాటి పిడి ఉన్న సాధనం వాడడమే మార్గం. మూతకు వెడల్పాటి రబ్బరు బ్యాండు రెండు చుట్లు చుట్టి, దాని మీద పట్టకారుతో పట్టి తిప్పితే పిడి పొడవు మీకు కలిసి వస్తుంది. నోటితో మాత్రం ప్రయత్నించవద్దు. పన్ను విరిగితే సరిచేయించుకోవడం మూత తీయడంకన్నా చాలా పెద్ద పని. సోడా సీసా అయితే బాగా చల్లబరిచి, కుదపకుండా, ముఖానికి దూరంగా పట్టి, కొద్దిగా తిప్పి ఆగి, 'సుస్సు'మనే శబ్దం తగ్గాక మిగతాది తిప్పండి. లోపలి వాయువు నెట్టిన మూత కంటికి తగిలితే చూపుకే ముప్పు.


ప్రశ్న: మా అమ్మగారికి కీళ్లవాతం ఉంది. మందుల డబ్బా మూతను నొక్కి తిప్పాలి, ఆవిడ రెండూ ఒకేసారి చేయలేరు. మాత్రల షీట్లు కూడా నొక్కలేకపోతున్నారు. అన్నీ విప్పి ఒక డబ్బాలో పోసి ఉంచవచ్చా?

జవాబు: అలా పోయవద్దు. కారణాలు రెండు మూడు ఉన్నాయి. పేరు, మోతాదు, గడువు తేదీ అన్నీ షీటుతోనే పోతాయి. ఒకే రంగు మాత్రలు కలిసిపోతే వేరు చేయడం కష్టం. కొన్ని మాత్రలు తేమకు, గాలికి పాడవుతాయి. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ మాత్రలను వాటి అసలు గాజు సీసాలోనే ఉంచాలి, లేకపోతే వాటి శక్తి తగ్గిపోతుంది.

నొక్కి తిప్పే మూతలు పసిపిల్లలు తెరవకుండా ఉండేందుకు చేసినవి. ఇలాంటి మూతలను పరీక్షించే ఐఎస్‌ఓ 8317 అనే అంతర్జాతీయ ప్రమాణంలో, పిల్లలు తెరవలేకపోతున్నారా అని చూడడంతో పాటు పెద్ద వయసువారు తెరవగలుగుతున్నారా అని కూడా చూస్తారు. ఆ పరీక్ష నెగ్గిన మూత అయినా వాచిన కీళ్లున్న చేతికి లొంగుతుందన్న హామీ లేదు. ఇంట్లో చిన్నపిల్లలు లేకపోతే, వచ్చిపోకపోతే, మామూలు మూత ఇవ్వగలరేమో మందులిచ్చేవారిని అడగండి. చాలామందికి ఇలా అడగవచ్చునని తెలియదు. పిల్లలు వచ్చే ఇల్లయితే మామూలు మూత పెట్టిన మందును తాళం వేసే చోట ఉంచండి. మూత మార్చడం కుదరకపోతే, డబ్బాను బల్ల మీద రబ్బరు షీటు మీద నిలబెట్టి అరచేత్తో కిందికి నొక్కుతూ తిప్పమనండి. డబ్బాను బల్లే పట్టుకుంటుంది కాబట్టి రెండు పనులూ ఒక్క అరచేయే చేయగలుగుతుంది.

షీటు విషయంలో, మాత్ర ఉన్న బుడగను చిన్న గిన్నె అంచు దాటించి పట్టి, రేకు వైపు గోటితో గాని, మొన లేని చిన్న సాధనంతో గాని సన్నటి గాటు పెట్టి, తరవాత బొటనవేలి బదులు చెంచా వెనక భాగంతో బుడగను నొక్కితే మాత్ర గిన్నెలో పడుతుంది. కొన్ని షీట్లకు పైపొరను ముందు ఒలవాలి, ఆ తరవాతే నొక్కాలి. మూల మీద ఆ గుర్తు ముద్రించి ఉంటుంది, చూడకుండా నొక్కితే మాత్ర పొడి అవుతుంది. మాత్రలను బయటికి నెట్టే చిన్న సాధనాలు కూడా దొరుకుతాయి. సౌకర్యం కోసం షీటును ఒక్కో మాత్ర చొప్పున ముక్కలుగా కత్తిరించి పెట్టవద్దు. ఆ చిన్న ముక్కను మాత్రతో సహా మింగేసి, దాని పదునైన మూలలు ఆహారనాళంలో గుచ్చుకుని ఆసుపత్రికి చేరినవారు ఉన్నారు. వారానికి సరిపడా మాత్రలను రోజువారీ అరల డబ్బాలో సర్దడం మంచి పద్ధతే, కానీ ఏ మాత్రలు షీటు దాటి ఉండగలవో ముందు మందులిచ్చేవారిని అడిగి తెలుసుకోండి.


ప్రశ్న: గట్టి ప్లాస్టిక్ పెట్టెలో వచ్చే కత్తెరను తెరవడానికి కత్తెర కావాలి. ఇదేం విడ్డూరం?

జవాబు: మీ కోపం న్యాయమైనదే. దొంగతనం జరగకుండా, దుకాణంలో వస్తువు నలువైపులా కనిపించేలా చేసిన పెట్టె అది. ఇంటికి తెచ్చుకున్నాక ఏ చేయి తెరవాలో ఆలోచించి చేసింది కాదు. తేలికగా తెరుచుకోవడం గురించి 2015లో ఐఎస్‌ఓ 17480 అనే ప్రమాణం కూడా వచ్చింది, కానీ ఆ ప్యాకింగు ఇంకా మనల్ని వదలలేదు. చక్రం ఉన్న డబ్బా ఓపెనరును పెట్టె అంచు మీద బిగించి తిప్పుకుంటూ వెళ్తే చాలా పెట్టెలు తెరుచుకుంటాయి. కత్తి జారే ప్రమాదం ఉండదు. లేదా మొండి మొన, తనంతట తాను తెరుచుకునే స్ప్రింగు ఉన్న కత్తెర వాడండి, ప్రతి కోతకూ వేళ్లతో విప్పే శ్రమ తప్పుతుంది. అంచు తెగాక రెండు ముక్కలనూ లాగి చీల్చవద్దు. తెగిన ప్లాస్టిక్ అంచు చర్మాన్ని బ్లేడులాగే కోస్తుంది, కాబట్టి మూడు వైపులా పూర్తిగా కోసి తలుపులా తెరవండి. రింగు లాగే రేకు డబ్బాలకు, రింగు కింద చెంచా కాడ దూర్చి పైకి ఎత్తితే గోళ్లు బతికిపోతాయి.


ప్రశ్న: నా వయసు ముప్పై ఎనిమిది. ఈ మధ్యే మూతలు తీయలేకపోతున్నాను. రాత్రుళ్లు వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది. ఏదైనా మంచి ఓపెనరు చెప్పండి.

జవాబు: ఓపెనరుకన్నా ముందు వైద్యుణ్ని కలవండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం, ఇవి రాత్రి తిమ్మిరెక్కుతుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతూ ఉండవచ్చు. దీన్ని తొందరగా గుర్తిస్తే రాత్రిపూట మణికట్టుకు పట్టీ కట్టుకోవడంతోనే చాలామందికి ఉపశమనం కలుగుతుంది. ఆలస్యమైతే బొటనవేలి కింది కండ పలచబడి, పట్టు తిరిగి రావడం కష్టమవుతుంది. ఒక చేతి పట్టు ఉన్నట్టుండి పోయి, దానితో పాటు మూతి వంకర పోవడం, మాట తడబడడం కనిపిస్తే అది పక్షవాతం కావచ్చు. అప్పుడు అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

ఓపెనరు కూడా కావాలంటే, అలమర కింద మరలతో బిగించే 'వి' ఆకారపు పళ్ల పట్టీ నా దృష్టిలో అన్నిటికన్నా మేలు. మూతను దాని సందులోకి నెట్టి, సీసాను రెండు చేతులతో కింది నుంచి పట్టి తిప్పవచ్చు. మూతను పిండే పని పట్టీ చేస్తుంది. బ్యాటరీతో నడిచేవి బాగానే పనిచేస్తాయి గాని, బరువైన యంత్రాన్ని మూత మీదికి ఎత్తి పెట్టవలసి రావడం నొప్పి ఉన్న మణికట్టుకు మళ్లీ ఒక పనే. కొనే ముందు దుకాణంలోనే పిడిని చేత్తో పట్టి చూడండి. సన్నటి లోహపు పిడికన్నా లావుగా, మెత్తగా, జారకుండా ఉండే పిడి నయం.