బల్బు వెలుగుతుండగానే కొలవండి: హెడ్‌లైట్లపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ హెడ్‌లైట్ల గురించే. విజయవాడ ఆటోనగర్‌లో కార్ల ఎలక్ట్రికల్ షాపు నడుపుతున్న మా శీర్షిక నిర్వాహకుడు జవాబులిస్తున్నారు.

ప్రశ్న: మా పాత కారుకి కుడివైపు హెడ్‌లైట్ పసుపుగా, మసగ్గా వెలుగుతోంది. కొత్త బల్బు వేసినా అంతే. కప్లర్ (బల్బు వెనక తగిలించే ప్లగ్గు) ఊడదీసి మల్టీమీటర్ పెడితే 12.4 వోల్టులు చూపిస్తోంది, అంటే కరెంటు సరిగ్గానే వస్తున్నట్టు కదా? వైరింగ్ మొత్తం మార్చాలని ఒక షాపులో చెప్పారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు కారు బంపర్ దాకా నీళ్లలో ఉండిపోయింది.
– ఒక పాఠకుడు, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: వైరింగ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీరు ఉత్తరంలో రాసిన వివరాలన్నీ ఎర్త్ వైపే, అంటే బల్బు నుంచి కరెంటు కారు బాడీ మీదుగా బ్యాటరీ మైనస్‌కి తిరిగెళ్లే దారి వైపే వేలు చూపిస్తున్నాయి. వరదలో నిలిచిన కార్లు మా ఆటోనగర్‌కి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. నీళ్లు తగ్గిన వారానికో, ఏడాదికో ఎర్త్ బోల్టు కింద, కప్లర్ పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము పడుతుంది. పైకి చూస్తే వైరు కొత్తదానిలాగే ఉంటుంది.

మీ 12.4 వోల్టుల లెక్కలో చిక్కు ఎక్కడుందో చెప్తాను. కప్లర్ ఊడదీశాక ఆ వైర్లో కరెంటు పారడం లేదు. మీటర్ లాగేది లేనట్టే లెక్క. పారని చోట చిలుము అడ్డు తెలియదు. అదే 55 వాట్ల బల్బు తగిలించారనుకోండి, నాలుగున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది. దారిలో అర ఓమ్ కంటే తక్కువ అడ్డున్నా చాలు, ఒకటిన్నర రెండు వోల్టులు అక్కడే పోతాయి. హాలోజన్ బల్బుకి వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం పడిపోతుంది. అందుకే మీ లైటు పసుపు రంగుకి తిరిగింది. మా షాపులో పనికి చేరిన కుర్రాళ్లకి నేను మొదట నేర్పేది ఇదే: బల్బు వెలుగుతుండగా కొలవాలి, ఊడదీసి కాదు.

ఇంట్లో ఇలా చూడండి. కప్లర్ బల్బుకే ఉంచి లో బీమ్ (దగ్గరి వెలుతురు) వెయ్యండి. మీటర్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టి, నల్ల ముల్లు బ్యాటరీ మైనస్‌కి ఆనించండి. ఎర్ర ముల్లుని కప్లర్ వెనక నుంచి ఒక గుండుసూది సాయంతో బల్బు ఎర్త్ పిన్నుకి తగిలించండి. సూది పక్క పిన్నుకి తగలకుండా చూసుకోండి. 0.1, 0.2 వోల్టులు వస్తే ఎర్త్ బాగున్నట్టు. అర వోల్టు దాటితే దొంగ దొరికినట్టే. ఎర్త్ శుభ్రంగా ఉంటే ఎర్ర ముల్లు బ్యాటరీ ప్లస్‌కి, నల్ల ముల్లు బల్బుకి వచ్చే లో బీమ్ పిన్నుకి పెట్టి ఆ వైపు నష్టం ఎంతో చూడండి. అక్కడ ఎక్కువొస్తే ఫ్యూజు కాళ్లు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్ డబ్బా), స్విచ్ ఒక్కొక్కటే వెతకాలి.

మీటర్ లేనివాళ్లకి ఇంకా తేలిక. ఒక వైరు ముక్క ఒక కొన బ్యాటరీ మైనస్‌కి, రెండో కొన బల్బు ఎర్త్ పిన్నుకి తాకించండి. లైటు ఒక్కసారిగా తెల్లగా వెలిగితే ఇక అనుమానం లేదు. ఈ పని ఎర్త్ వైపే చెయ్యండి. ప్లస్ నుంచి ఫ్యూజు లేకుండా వైరు లాగొద్దు, మంటలు అంటుకుంటాయి.

తర్వాత పని చిన్నదే. హెడ్‌లైట్ వెనకాల ఎర్త్ వైరు బాడీకి బిగించిన బోల్టు విప్పండి. వైరు చివరి రింగునీ, కింది రేకునీ ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన కొంచెం పెట్రోలియం జెల్లీ పూయండి. ఎడమవైపుది కూడా చేసేయండి. ఆ నీళ్లలో అదీ నిలబడిందే కదా.

ఒక్క హెచ్చరిక. కొన్ని జపాన్ డిజైన్ కార్లలో బల్బు ఉమ్మడి పిన్నుకి (హై, లో బీమ్ రెండింటికీ కలిపి ఉండే పిన్నుకి) ప్లస్ వచ్చి, స్విచ్ ఎర్త్ వైపు ఉంటుంది. అలాంటి కార్లో ఉమ్మడి పిన్నే ఎర్త్ అనుకుని మీటర్ పెడితే ఏకంగా 12 వోల్టులు చూపిస్తుంది. బ్యాటరీ మైనస్ వైరు తాకిస్తే నేరుగా షార్ట్ అవుతుంది. కాబట్టి వైరు పరీక్షకి ముందు మీటర్‌తోగానీ టెస్ట్ ల్యాంప్‌తోగానీ (రెండు వైర్లు తగిలించిన చిన్న బల్బు) ఆ పిన్ను నిజంగా ఎర్తేనా అని తేల్చుకోండి.

ప్రశ్న: హై బీమ్ బాగానే వస్తోంది. లో బీమ్ మాత్రం రెండు వైపులా ఒకేసారి పోయింది. బల్బులు పోయాయంటే నమ్మబుద్ధి కావడం లేదు. రెండూ ఒకేరోజు ఎలా పోతాయండీ?
– ఒక పాఠకురాలు, భవానీపురం, విజయవాడ

జవాబు: ఒకేరోజు పోయి ఉండవమ్మా. ఒకటి ముందే పోయి ఉంటుంది. వీధి లైట్లున్న ఊళ్లో ఒక్క లైటుతో తిరుగుతున్నా తెలియదు, రెండోది పోయినప్పుడే గమనిస్తాం. మీ కార్లో ఉన్నది హెచ్4 బల్బయితే ఒకే గాజులో రెండు ఫిలమెంట్లుంటాయి. హై బీమ్ 60 వాట్లు, లో బీమ్ 55 వాట్లు. ఊళ్లో రోజూ కాలేది లో బీమ్ ఫిలమెంటే కాబట్టి ముందు పోయేది కూడా అదే. హై బీమ్ వస్తోందని బల్బు బాగున్నట్టు కాదు.

లైటు చల్లారాక బల్బు తీసి ఫిలమెంట్ తెగిందేమో చూడండి, మీటర్ బీప్ మీద (దారి తెగకపోతే మోగే సెట్టింగ్) పెట్టి కూడా చూడండి. గాజుని వేళ్లతో ముట్టుకోవద్దు. చేతి జిడ్డు అంటిన చోట వేడెక్కి బల్బు తొందరగా పోతుంది. ముట్టుకుంటే స్పిరిట్‌తో తుడిచేయండి.

బల్బులు బాగుంటే అప్పుడు ఫ్యూజులు. చాలా కార్లలో కుడికీ ఎడమకీ వేరే ఫ్యూజులుంటాయి. అవి బాగుండి రెండు వైపులా పోయిందంటే రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది చూడాలి, అంటే రిలే, లేకపోతే స్టీరింగ్ కింద హై, లో మార్చే డిప్పర్ స్విచ్. ఫ్యూజు బాక్సులో అదే నంబరున్న హారన్ రిలే దొరికితే దాన్ని తీసి ఇక్కడ పెట్టి చూడండి. లైటు వస్తే పాత రిలే పోయినట్టు. రిలే టక్కుమంటున్నా లైటు రాకపోవచ్చు, లోపలి పాయింట్లు కాలిపోతే అంతే. కాబట్టి శబ్దాన్ని నమ్మకండి.

ప్రశ్న: మా ఇంటి పక్కనే మిరపకాయల గోడౌన్. ఎలుకలు బానెట్‌లో చేరి వైర్లు కొరికేస్తున్నాయి. హెడ్‌లైట్ ఫ్యూజు మారుస్తాను, నాలుగు రోజులు బాగుంటుంది, గతుకుల రోడ్డెక్కగానే మళ్లీ పోతుంది. 10 తీసి 20 ఆంపియర్ల ఫ్యూజు వెయ్యమని ఒకాయన సలహా. కారం చల్లితే ఎలుకలు పోతాయా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: 20 ఆంపియర్ల ఫ్యూజు వెయ్యొద్దు, దయచేసి వెయ్యొద్దు. ఫ్యూజు ఆ వైరు మోయగలిగినంతకే పెడతారు. పెద్దది వేస్తే ఫ్యూజు కాలాల్సిన చోట వైరు కాలుతుంది, ఆ వైరు పక్కన ఇంకో పాతిక వైర్లుంటాయి. కారు కాలిపోయాక వచ్చి కూర్చున్నవాళ్లని చూశాను, ఆ ముఖాలు మర్చిపోలేను.

గతుకుల్లో పోతోందంటే ఎలుక కొరికిన చోట రాగి బయటపడి, కుదిపినప్పుడు రేకుకి తగులుతోంది. దాన్ని ఫ్యూజులు తగలేయకుండా పట్టుకోవచ్చు. 21 వాట్ల ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు టంకం వేసుకోండి. ఇలాంటిది మా షాపు గోడకి ఎప్పుడూ వేలాడుతుంటుంది, నా దృష్టిలో ఏ స్కానర్ కంటే ముందు చేతికి రావాల్సింది ఇదే. పోయిన ఫ్యూజు తీసేసి ఆ రెండు కాళ్ల చోట ఈ బల్బు వైర్లు పెట్టండి. ఆ ఫ్యూజు మీదున్న హెడ్‌లైట్ బల్బు కప్లర్ తీసేయండి. స్విచ్ వెయ్యండి. ఇప్పుడు ఈ చిన్న బల్బు వెలగకూడదు. వెలిగితే షార్ట్ ఉన్నట్టు. మీది కుదిపితేనే వచ్చే రకం కాబట్టి వైర్ల కట్టని జానెడు జానెడు కదుపుతూ వెళ్లండి. ఎక్కడ కదిపితే బల్బు వెలిగి ఆరుతోందో అక్కడే గాయం. హెడ్‌లైట్ వెనక మలుపు, బ్యాటరీ కింద, ఇంజిన్ వెనక గోడ మీద ముందు చూడండి. ఎలుకకి వెచ్చగా, మాటుగా ఉండే చోట్లవి.

దొరికాక మెలిపెట్టి టేపు చుట్టి వదిలేయకండి. నల్లబడ్డ రాగి కనిపించినంత మేరా కత్తిరించి, అంతే మందం వైరు ముక్క కలిపి, టంకం వేసి, పైన స్లీవ్ ఎక్కించండి.

ఇక కారం. బానెట్‌లో చల్లితే విండ్‌షీల్డ్ కింద ఉన్న గాలి దారిలోంచి ఏసీ లాక్కుని మీ కళ్లలోకి, పిల్లల కళ్లలోకి కొడుతుంది. చల్లొద్దు. మిరప ఘాటు పట్టించిన టేపు వైర్లకి చుట్టడానికని ప్రత్యేకంగా దొరుకుతుంది, అతికించిన మేరకి కొంత పనిచేస్తుంది. కారుని వారాల తరబడి కదపకుండా ఉంచకపోవడం అంతకంటే మేలు.

ప్రశ్న: హైవే మీద రాత్రి సరిగా కనపడటం లేదని 100/90 వాట్ల (హై బీమ్ 100, లో బీమ్ 90) బల్బులు వేయించాను. ఇప్పుడు కప్లర్ కరిగిపోయింది.
– ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: 100 వాట్లంటే ఎనిమిది ఆంపియర్ల పైనే. కంపెనీ వైరూ కప్లరూ ఐదు ఆంపియర్ల కోసం చేసినవి. రోడ్డు మీద వాడటానికి ఆ బల్బులకి అనుమతీ లేదు. సెరామిక్ కప్లర్ వేయించి, 60/55కి వచ్చేయండి. వెలుతురు తక్కువనిపిస్తే పైన సింగ్‌నగర్ పాఠకుడికి చెప్పిన పరీక్షే మీరూ చెయ్యండి. చాలా కార్లకి కావాల్సింది పెద్ద బల్బు కాదు, దారిలో పోతున్న ఆ ఒకటిన్నర వోల్టు. ఎన్‌హెచ్16 మీద ఎదురొచ్చే లారీ డ్రైవర్‌కీ కళ్లుంటాయి, ఆయనకి కనపడకపోతే మీకే ప్రమాదం.

ప్రశ్న: బల్బు మార్పించినప్పటి నుంచి హెడ్‌లైట్ లోపల నీళ్లు చేరుతున్నాయి. సీల్ పోయిందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు వెనక్కి చెయ్యి పెట్టి రబ్బరు మూత సరిగ్గా కూర్చుందో లేదో చూడండమ్మా. బల్బు మార్చినవాళ్లు దాన్ని సగం తొడిగి వదిలేస్తుంటారు. మూత చుట్టూ అంచు లోపలికి మడిచి ఎక్కించి, లైట్లు కాసేపు వేసి ఉంచితే పలచటి ఆవిరి పోతుంది. అడుగున నీళ్లు నిలిచి ఉంటే మాత్రం హెడ్‌లైట్ విప్పి, ఆరబెట్టి, అప్పుడు మూత పెట్టండి.