పాలిమర్ అంటే భయమా, పీహెచ్‌డీ అంటేనా?

ప్రశ్న: మా అమ్మాయి విశాఖలో బీటెక్ కెమికల్ మూడో ఏడాది. పర్యావరణానికి మేలు చేసే పాలిమర్ కంపోజిట్లలో (ప్లాస్టిక్‌లాంటి వాటిలో నార కలిపి చేసే పదార్థాలట) పీహెచ్‌డీ చేస్తానంటోంది. వెంకటాపురం ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో గ్యాస్ లీకేజీని కళ్లారా చూసినవాళ్లం, పాలిమర్ అంటేనే టెన్షన్. జావా కోర్సుకు డబ్బు కట్టాను, వెళ్లనంటోంది. సాఫ్ట్‌వేర్ మేలా, ఇది మేలా? – ఒక తండ్రి, గాజువాక

జవాబు: 2020 మే 7న లీకైంది స్టైరిన్ ఆవిరి. పాలిమర్ తయారీకి వాడే ముడి రసాయనం అది. నిల్వ ట్యాంకులో అది దానంతటదే పాలిమర్‌గా, అంటే చిన్న అణువులు పొడవాటి గొలుసుల్లా కలిసిన పదార్థంగా మారుతూ వేడెక్కిపోయింది. అలా ఎందుకవుతుందో, ఎలా ఆపాలో తెలిసినవాళ్లను తయారుచేసే చదువే ఇది. మీ అమ్మాయి పని ల్యాబులో. గోగునారనో కొబ్బరి పీచునో కాస్టిక్ సోడాలో నానబెట్టి, కడిగి, ఆరబెట్టి, రెజిన్‌తో (గట్టిపడే జిగురులాంటి పాలిమర్) కలిపి అచ్చు పోస్తారు. ఆ ముక్కను మెషీన్‌లో లాగి ఎంత బలానికి తెగిందో చూస్తారు. నార తడిని పీలుస్తుంది, ప్లాస్టిక్‌కేమో తడి గిట్టదు. రెండూ సరిగా అతుక్కోవు. పైగా 200 డిగ్రీలు దాటితే నార మాడడం మొదలవుతుంది. మన ఉక్కపోతలో ఓవెన్‌లో ఆరబెట్టిన నారను కాసేపు బల్ల మీద వదిలేస్తే మళ్లీ బరువెక్కుతుంది. ఓపిక లేనివాళ్లకు ఈ పని పడదు.

నా అనుమానం వేరే ఉంది. 'గ్రీన్' అని పేరు పెట్టిందల్లా గ్రీన్ అయిపోదు. మొక్కజొన్న పిండిలాంటి వాటి నుంచి చేసే పీఎల్ఏ ప్లాస్టిక్ బాగా కుళ్లాలంటే 60 డిగ్రీల దరిదాపుల్లో వేడి ఉండే కంపోస్టు ప్లాంటు కావాలి. ఆర్కే బీచ్ ఇసుకలో పడేస్తే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. గోగునారను మామూలు ఎపాక్సీ రెజిన్‌లో కలిపితే ఆ ముక్క కరగదు, కుళ్లదు. ఫిషింగ్ హార్బర్‌లోని ఫైబర్ బోట్లు పాతబడితే ఏం చేయాలన్నది ఇలాంటి చిక్కే. అరటి నార, వరి ఊక మీద పేపర్లకు కొదవ లేదు, మార్కెట్‌కు చేరే వస్తువులే తక్కువ. అందుకే కాలేజీ పేరుకన్నా ముందు గైడ్‌ను, అంటే పీహెచ్‌డీ చేయించే ప్రొఫెసర్‌ను చూసుకోవాలి. ఆయన విద్యార్థులు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో అమ్మాయినే కనుక్కోమనండి.

డబ్బు లెక్కకొస్తే, మొదటి పదేళ్లు సాఫ్ట్‌వేర్‌దే పైచేయి కావచ్చు. జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 ఇస్తారు, ఇంటి అద్దె భత్యం (హెచ్ఆర్ఏ) అదనం. పీహెచ్‌డీకి అయిదేళ్లు వేసుకోండి. ఆ తర్వాత కార్ల విడిభాగాలు, గాలిమరల రెక్కలు, ప్యాకేజింగ్ చేసే కంపెనీలు ఉన్నాయి, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ ల్యాబులూ ఉన్నాయి. పోస్టులు తక్కువే, కానీ పోటీకి వచ్చేవాళ్లూ లక్షల్లో ఉండరు.

ఒక మాట, ఏమనుకోకండి. ఉత్తరంలో గ్యాస్ లీకేజీ ఉంది, జావా ఫీజు ఉంది. అమ్మాయి మార్కులెన్నో, ఏ సబ్జెక్టు ఇష్టమో ఒక్క ముక్క లేదు. 'చదువు అయ్యేసరికి వయసు ముప్ఫైకి దగ్గరవుతుంది, పెళ్లెప్పుడు' అన్నదే అసలు దిగులైతే అది మీ దిగులు. దాన్ని పాలిమర్ మీదకు నెట్టకండి. మూడో ఏడాదిలోనే తనకేం కావాలో చెప్పగలిగే పిల్లలు నా దగ్గరికి తక్కువగా వస్తారు. ఆ పిల్ల గురించి మీరు భయపడాల్సిన పని లేదండీ.

ఈ వేసవిలో ఆంధ్రా యూనివర్సిటీలోనో, ప్లాస్టిక్ టెక్నాలజీ నేర్పే విజయవాడ సిపెట్‌లోనో ఇంటర్న్‌షిప్‌కు ప్రయత్నించమనండి, ఖర్చు మీరు పెట్టుకోండి. రెండు నెలలు ల్యాబులో నిలబడితే ఇష్టమెంతో తనకే తెలుస్తుంది. జావా డబ్బు వెనక్కివ్వకపోతే బ్యాచ్‌ను పైథాన్‌కు మార్పించండి, రీసెర్చ్ డేటాకు పనికొస్తుంది.