సూది అంటే భయపడే నాలుగేళ్ల బాబు గురించి

మీ నాలుగేళ్ల బాబు లుకేమియా (రక్త క్యాన్సర్) చికిత్సలో ఉన్నాడని, ఆస్పత్రి పేరెత్తితే మంచం కింద దాక్కుంటున్నాడని, అందుకే చివరి నిమిషం వరకు చెప్పకుండా తీసుకెళ్తున్నామని రాశారు. మా పాపతో మేమూ మొదట్లో అలాగే చేశాం. దాంతో మామూలుగా బయటికి వెళ్దామన్నా తను నమ్మడం మానేసింది.

ముందు రోజు సాయంత్రం రెండు ముక్కల్లో చెప్పండి. వారం ముందే చెబితే వాడికి అనవసరంగా టెన్షన్. "నొప్పి ఉండదు" అని మాత్రం అనకండి. "గుచ్చుకుంటుంది, నేను నిన్ను పట్టుకునే ఉంటాను" అనండి. పడుకోబెట్టి నలుగురు అదిమి పట్టే బదులు మీ ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చా అని నర్సును అడగండి. చర్మం మొద్దుబారే క్రీమ్ గురించి కూడా అడగండి. లిడోకెయిన్, ప్రిలోకెయిన్ కలిసిన రకమైతే సూదికి కనీసం గంట ముందు రాయాలి. మాకు ఎక్కువ తేడా తెచ్చింది అదే. ఏ బొమ్మ వెంట తెచ్చుకోవాలో వాడినే ఎంచుకోనివ్వండి. సూది వేయించుకుంటావా అని మాత్రం అడగొద్దు, వద్దంటే మీరు ఒప్పుకోలేరు కదా.

ఈ వయసు పిల్లలు తాము అల్లరి చేసినందుకే జబ్బు వచ్చిందని అనుకోవచ్చు. వాడు అడగకపోయినా "నీ తప్పేం లేదు నాన్నా" అని మళ్ళీ మళ్ళీ చెప్పండి.

చికిత్సలో భాగంగా స్టెరాయిడ్ మందులు ఇచ్చే రోజుల్లో వాడికి ఆకలి, కోపం పెరిగితే అది మందు ప్రభావం, మీ పెంపకం లోపం కాదు.

జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ తాకితే అర్ధరాత్రైనా వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేయండి. వాళ్లను అడగకుండా పారాసిటమాల్ వేయొద్దు, అది జ్వరాన్ని కప్పేస్తుంది.