ద్వీపంలో పెళ్ళి: కావలికి కట్టిన లగ్నం అండమాన్‌లో చెల్లుతుందా?

ప్రశ్న: మాది కావలి. మా అమ్మాయి, కాబోయే అల్లుడు ఇద్దరూ బెంగళూరులో ఉద్యోగస్థులు. వచ్చే మాఘమాసంలో అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో, సముద్రపుటొడ్డున పెళ్ళి చేసుకోవాలని వారి కోరిక. వియ్యాలవారు కూడా ఒప్పుకున్నారు. మా ఇంటి సిద్ధాంతిగారు ముహూర్తం రాసిచ్చారు. మా వైపు పిలవవలసినవారే మూడు వందల మంది ఉన్నారు. మా అత్తగారికి ఎనభై రెండేళ్ళు. ఏ పని ముందు మొదలుపెట్టాలో తోచడం లేదు. దయచేసి చెప్పండి. (ఒక తల్లి, కావలి)

జవాబు: అమ్మా, హోటలుకు బయానా ఇవ్వడానికి ముందు ఆ ముహూర్తం కాగితం తీసుకొని మళ్ళీ సిద్ధాంతిగారి దగ్గరకు వెళ్ళండి. ఆయన ఆ లగ్నాన్ని కావలికి కట్టారో, స్వరాజ్ ద్వీప్‌కు కట్టారో అడగండి. గడియారం రెండు చోట్లా ఒక్కటే అయినా సూర్యుడు ఒక్కసారే ఉదయించడు. కావలి దాదాపు 80 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటే ఆ ద్వీపం 93 డిగ్రీల దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లెక్కిస్తే, ఇక్కడ ఉదయం తొమ్మిదింటికి వచ్చే లగ్నం అక్కడ ఎనిమిదీ పది ప్రాంతంలోనే వచ్చేస్తుంది. ఒక్కో లగ్నం సుమారు రెండు గంటలే కాబట్టి యాభై నిమిషాల తేడా చిన్నది కాదు. లగ్నం చివరి భాగంలో పెట్టిన ముహూర్తమైతే, జీలకర్ర బెల్లం పెట్టే వేళకు అక్కడ తరువాతి లగ్నం మొదలై ఉంటుంది. శుభలేఖలు అచ్చయ్యాక ఈ సంగతి తెలిసి కంగారుపడిన కుటుంబాన్ని నేను దగ్గరగా చూశాను, అందుకే దీనిని ముందు చెబుతున్నాను.

మాఘం ఎంచుకోవడం మాత్రం చాలా మంచిది. అండమాన్‌కు నైరుతి రుతుపవనాలు మనకంటే ముందే, మే నెలలోనే చేరుకుంటాయి. ఈశాన్య రుతుపవనాల వానలు కూడా అక్కడ పడతాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా వానలు తక్కువ, సముద్రం కూడా నెమ్మదిగా ఉంటుంది. మన మాఘ, ఫాల్గుణ ముహూర్తాలు సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తాయి. కార్తికంలో అయితే నేను వద్దనే చెప్పేదాన్ని. 1989 నవంబరులో మీ కావలి దగ్గర తీరం దాటిన తుఫాను అండమాన్ సముద్రం మీదుగా వచ్చినదే కదా, ఆ నెలలో ఆ నీళ్ళు ఎలా ఉంటాయో మీ ఊరి పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక ప్రయాణం. స్వరాజ్ ద్వీప్ అంటే పాత హేవలాక్. 2018లో పేరు మార్చారు. మామూలు విమానాలు దిగేది పోర్ట్ బ్లెయిర్‌లోనే. 2024 నుంచి ఆ ఊరి పేరు శ్రీవిజయపురం. చెన్నై నుంచి రెండు గంటలకు పైగా విమానంలో వెళ్ళి, అక్కడి నుంచి పడవలో మరో గంటన్నర, రెండు గంటలు సముద్రం మీద ప్రయాణించాలి. పడవలు పగలే నడుస్తాయి, గాలి ఎక్కువగా ఉంటే ఆగిపోతాయి. అందువల్ల పెళ్ళివారంతా ముహూర్తానికి రెండు రోజుల ముందే ద్వీపం చేరాలి. ఒక రోజు పడవ ఆగినా ఇంకో రోజు చేతిలో ఉండాలి. పెళ్ళికొడుకు వారు, పురోహితుడు, మంగళసూత్రాలు ఉన్న పెట్టె, ఈ మూడూ ఒకే పడవలో కాకుండా వేరువేరు పడవల్లో వెళ్ళడం మేలని కూడా నా అభిప్రాయం.

మూడు వందల మందిని అలా దాటించడం మీ వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. యాభై, అరవై మందికి మించవద్దు. అయితే మిగిలినవారికి శుభలేఖ ఇచ్చి, తరువాత విందు పెట్టి సరిపెట్టవద్దు. పెళ్ళికూతుర్ని చేయడం, నలుగు పెట్టడం, గాజులు తొడగడం బయలుదేరే ముందు కావలిలో, మీ ఇంట్లోనే, అందరినీ పిలిచి చేయండి. మొదటి నలుగు మీ అత్తగారి చేత పెట్టించండి. ఆమెను పడవ ఎక్కించే ఆలోచన మాత్రం మానుకోమని బతిమాలుతున్నాను. పెద్ద ఆసుపత్రి శ్రీవిజయపురంలో ఉంది. రాత్రివేళ ఒంట్లో బాగులేకపోతే మధ్యలో సముద్రం అడ్డు. 2020లో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వేశాక ఆ ద్వీపానికి ఇంటర్నెట్ మెరుగుపడింది. మాంగల్యధారణను ఆమె ఇంట్లో కూర్చొని టీవీలో చూసేలా ఒక మనవడికి ఆ పని అప్పగించండి.

సామాను సర్దేటప్పుడు ఒక జాగ్రత్త. కర్పూరం, అగ్గిపెట్టెలు విమానం సామానులో రానివ్వరు. ఎండుకొబ్బరి కుడుకలు కూడా చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు, నూనె ఎక్కువ ఉండి మండే గుణం ఉన్నందువల్ల. కొబ్బరికి, వక్కకు అక్కడ కొదవ లేదు. శ్రీవిజయపురంలో తెలుగువారు చాలామంది ఉన్నారు కాబట్టి అక్కడి బజారులో అడిగితే దొరుకుతాయి. మధుపర్కాలు, బాసికాలు, మంగళసూత్రాలు మాత్రం చేతి సంచిలో ఉంచుకోండి.

ఒడ్డున పందిరి వేసే చోటును పగటిపూట ఒక్కసారి చూసి నిర్ణయించుకోవద్దు. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి, అంటే నీరు రెండుసార్లు పైకి పొంగి, రెండుసార్లు వెనక్కి తీస్తుంది. పున్నమికి, అమావాస్యకు ఆ తేడా మరీ ఎక్కువ. స్వరాజ్ ద్వీప్‌లోని విజయనగర్, గోవిందనగర్ వైపు తీరాల్లో పాటు సమయానికి సముద్రం చాలా దూరం వెనక్కి పోయి రాళ్ళు బయటపడతాయి, ఫొటోలో చూసిన నీలి నీళ్ళు ఆ గంటలో ఉండవు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ పోటు వేళలను ముందుగానే ప్రకటిస్తుంది. ముహూర్తాన్ని దానితో సరిచూసుకోండి. గాలికి తలంబ్రాలు దంపతుల తలల మీద కాక పక్కవారి ఒళ్ళో పడతాయి, హోమం నిలవదు. గాలి వచ్చే వైపు తాటాకు దడి కట్టించమని అడగండి. రాత్రి ముహూర్తమైతే పందిరి రిసార్టు ఆవరణలోనే వేయించండి. మన నెల్లూరు తీరంలో లాగే అక్కడా ఆ నెలల్లో తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. పొదిగి బయటికి వచ్చిన పిల్లలు దీపాల వెలుతురుకు దారి తప్పుతాయి. సముద్రం వైపు దీపాలు, బాణసంచా వద్దని అల్లుడికి మీరే చెప్పండి.

మన కల్యాణ మంటపాల్లో పట్టపగలు ఆకాశం వైపు చూపించి అరుంధతి కనిపించిందా అని అడుగుతారు, కనిపించిందని పిల్ల తల ఊపుతుంది. ఆ ద్వీపంలో మాఘమాసపు రాత్రి పదిన్నర దాటాక, మబ్బు లేకపోతే, ఈశాన్యాన సప్తర్షులు పైకి వస్తాయి. విజయనగర్ తీరం తూర్పు ముఖంగా ఉంటుంది. పిల్లలిద్దరినీ అక్కడ నిలబెట్టి, వసిష్ఠుడి పక్కన ఆ చిన్న చుక్కను నిజంగా చూపించండి.

ప్రశ్న: మేము బాలిలో పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాము. ఆ పెళ్ళి ఇక్కడ చెల్లుతుందా? (ఒక యువకుడు, ఒంగోలు)

జవాబు: 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం సప్తపది ఉన్న సంప్రదాయంలో ఏడవ అడుగుతో వివాహం పూర్తవుతుంది. భారతదేశంలో స్థిరనివాసం ఉన్న హిందువులు విదేశంలో ఉన్నా ఆ చట్టం వారికి వర్తిస్తుంది. అయినా విదేశంలో జరిగిన తంతుకు రుజువులు సమకూర్చుకోవడం, అక్కడి చట్టం అడిగే కాగితాలు పుట్టించడం శ్రమతో కూడిన పని. ఆ పత్రం రేపు వీసాకు, బ్యాంకుకు కావాలి. అందుకని ఒంగోలులోనే దగ్గరివారి మధ్య మాంగల్యధారణ, సప్తపది జరిపించుకొని, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదు చేయించి, వేడుకకు బాలి వెళ్ళండి. ఫాల్గుణం చివర్లో వెళ్ళేటట్లయితే ఒక తేదీ చూసుకోండి. బాలి హిందువుల శక సంవత్సరాది అయిన న్యెపి మన ఉగాదికి అటూ ఇటూగా వస్తుంది. ఆ రోజంతా మౌనవ్రతం. విమానాశ్రయం మూసివేస్తారు, అతిథులు సైతం హోటలు దాటి బయటికి రాకూడదు. బంధువులకు తిరుగు టిక్కెట్లు ఆ తేదీకి తీయవద్దు.