ఏడాది తిరిగిన చిన్న కారు: అమ్మేయాలా, ఉంచుకోవాలా?

ప్రశ్న: మేం విజయవాడలో ఉంటాం. నేను ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని, నా భార్య ఇంట్లో ట్యూషన్లు చెబుతుంది. ఇద్దరిదీ కలిపి నెలకు 68 వేలు వస్తాయి. ఇద్దరు పిల్లలు, మా అమ్మ మా దగ్గరే ఉంటుంది. 2025 జూన్‌లో 1.2 లీటర్ల పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ కొన్నాం. షోరూమ్ ధర 6.4 లక్షలు, ఆన్‌రోడ్ 7.6 లక్షలు అయింది. అందులో 5 లక్షలు లోను: 9.5 శాతం వడ్డీ, ఏడేళ్లు, ఈఎంఐ 8,172. ఏడాదిలో 8,400 కిలోమీటర్లు తిరిగాం. కాలేజీకి స్కూటర్ మీదే వెళ్తాను. నెలకు రెండుసార్లు గుడివాడ దగ్గర మా ఊరు, ఏడాదికి నాలుగైదుసార్లు హైదరాబాద్‌లో అత్తగారిల్లు, మిగతాది అమ్మ మోకాళ్ల వైద్యానికి. ‘వారంలో నాలుగు రోజులు కవరు కప్పుకుని ఉండే బండికి ఇంత కట్టడమెందుకు, అమ్మేద్దాం’ అంటోంది నా భార్య. సెకండ్ హ్యాండ్ వాళ్లు 5.1 లక్షలు ఇస్తామన్నారు. బావమరిదేమో ఎక్స్చేంజ్‌లో ఎస్‌యూవీ తీసుకోమంటున్నాడు. వచ్చే నెల చీటీ ముగిసి 1.6 లక్షలు చేతికొస్తాయి. అదికాక బ్యాంకులో 40 వేలున్నాయి. ఇన్సూరెన్స్ రెన్యువల్‌కి షోరూమ్ వాళ్లు 21,400 అడుగుతున్నారు. గేటుకు తగిలి బంపర్ గీసుకుపోతే 4,800 అవుతుందని, క్లెయిమ్ పెట్టమని కూడా వాళ్లే చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: బండి అమ్మకండి, ఎస్‌యూవీ జోలికి వెళ్లకండి. చీటీ డబ్బులో లక్ష లోనుకు కట్టేయండి. అయితే మీ శ్రీమతి గారి లెక్కలో తప్పేమీ లేదు, అది ముందే చెప్పాలి. ఈఎంఐ, పెట్రోలు, ఇన్సూరెన్స్, సర్వీసు కలిపితే నెలకు దాదాపు 14 వేలు కారుకే పోతున్నాయి. అంటే మీ ఆదాయంలో అయిదో వంతు. నా దగ్గరికి వచ్చే కుటుంబాలకు 15 శాతం దాటనివ్వొద్దని చెబుతుంటాను. కొనేముందు అడిగి ఉంటే మరో లక్షన్నర కూడబెట్టుకుని కొనమనేవాణ్ని. ఇప్పుడు బండి ఇంటి ముందుంది కాబట్టి లెక్క వేరు.

7.6 లక్షలు పెట్టిన బండికి ఏడాదికే 5.1 లక్షలంటే గుండె కలుక్కుమంటుంది, నిజమే. పోయిన ఆ రెండున్నర లక్షల్లో ఏమేం ఉన్నాయో విడదీసి చూడండి. లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, మొదటి ఇన్సూరెన్స్ కలిపి 1.2 లక్షలు. అవి షోరూమ్ గేటు దాటిన రోజే పోయాయి, ఏ బండి కొన్నా పోయేవే. రెండోది జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద పన్ను 29 శాతం నుంచి 18కి దిగింది. మీరు 6.4 లక్షలకు కొన్న బండి ఆ లెక్కన సుమారు 5.85 లక్షలకు వచ్చేసింది. కొత్తదే 55 వేలు తగ్గితే పాతదానికి పాత ధర ఎవరిస్తారు? మూడు నెలలు ఆగి ఉంటే బాగుండేదని మీకు అనిపిస్తుంటుంది. జూన్‌లో అది ఎవరికి తెలుసు, వదిలేయండి. ఇక మిగిలిన 75 వేలే మీరు బండి వాడుకున్నందుకు తగ్గిన విలువ.

ఇప్పుడు అమ్మితే చేతికొచ్చేదెంత? ఏడాదిలో మీరు కట్టిన ఈఎంఐలు 98 వేలు. అందులో 45 వేలు వడ్డీకే పోయాయి, అసలు తగ్గింది 53 వేలు. లోను ఇంకా 4.47 లక్షలుంది. 5.1 లక్షలకు అమ్మి లోను తీర్చితే మిగిలేది 63 వేలు. బ్యాంకు ముందస్తు ముగింపు చార్జీ వేస్తే అదీ తగ్గుతుంది.

ఉంచుకుంటే ఈ రెండో ఏడాది అయ్యే ఖర్చు చూద్దాం. మీరు మైలేజీ రాయలేదు. కంపెనీ చెప్పే 22, 23 మర్చిపోండి. మే నెల ఎండలో ఏసీ వేసుకుని బెంజ్ సర్కిల్ దాటే బండికి, హైవే మీద తిరిగినది కూడా కలుపుకుని, 17 అనుకుందాం. లీటరు 110 లెక్కన పెట్రోలుకు 54 వేలు. వడ్డీ 40 వేలు, విలువ తగ్గుదల 50 వేలు, ఇన్సూరెన్స్ 12 వేలు (21 కాదు, కింద చెబుతాను), సర్వీసు 7 వేలు. మొత్తం 1.63 లక్షలు, కిలోమీటరుకు 19 రూపాయల పైమాటే. ఇవే ప్రయాణాలు అద్దె బండి మీద చేస్తే, మీ ఊరికి పోయిరావడానికి రోజు ప్యాకేజీ రెండున్నర వేలు, హైదరాబాద్ ట్రిప్పుకు డ్రైవర్ బత్తాతో తొమ్మిది వేలు, ఆసుపత్రికి ఆటోలు... అన్నీ కలిపి 1.15 లక్షల దగ్గర తేలుతుంది. అంటే సొంత బండికి ఏడాదికి దాదాపు 48 వేలు ఎక్కువ పెడుతున్నారు. మోకాళ్ల నొప్పితో ఉన్న అమ్మగారు ఆటో ఎక్కి దిగనక్కర్లేకుండా ఉండటానికి, రాత్రి పదింటికి ఊరి నుంచి బయల్దేరగలగడానికి అది ఎక్కువో తక్కువో మీ ఇంట్లోనే తేల్చుకోవాలి. నా దృష్టికి మాత్రం ఇంకొకటి కనిపిస్తోంది. ఈ తేడా ఏటా తగ్గుతూ పోతుంది. అయిదో ఏడుకు వడ్డీ దాదాపు ఉండదు, విలువ కూడా ఏటా ముప్పై వేలకు మించి పడదు. అప్పుడు సొంత బండి, అద్దె బండి ఇంచుమించు సమానం. కారుకు ఖరీదైన ఏళ్లు మొదటి రెండే. వాటిలో గట్టిదాన్ని మీరు మోసేశారు. ఇప్పుడు అమ్మితే చవక ఏళ్లన్నీ కొనుక్కున్నవాడికి పోతాయి. నా షరతు ఒక్కటే: కనీసం ఎనిమిదేళ్లు వాడండి. నడుమ ఏ కారణంగానైనా వరసగా రెండు ఈఎంఐలు కట్టలేని పరిస్థితి వస్తే మాత్రం మొహమాటం లేకుండా అమ్మేయండి.

చీటీ సంగతికి వద్దాం. 1.6 లక్షల్లో లక్ష లోను అసలుకు జమ చేయించండి. ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించమని రాతపూర్వకంగా అడగండి. అడగకపోతే కొన్ని బ్యాంకులు ఈఎంఐ తగ్గించి గడువు అలాగే ఉంచుతాయి. గడువు తగ్గిస్తే మిగిలిన 72 నెలలు 52 అవుతాయి, 63 వేల రూపాయల వడ్డీ మిగులుతుంది. ఏ ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా మీకు 9.5 శాతం ఇవ్వదు. కట్టేముందు లోను శాంక్షన్ లెటర్‌లో వడ్డీ ఫ్లోటింగో (నడుమ మారేది) ఫిక్స్‌డో (మారనిది) చూసుకోండి. సొంతానికి తీసుకున్న ఫ్లోటింగ్ లోను మీద ముందస్తు చెల్లింపు చార్జీ వేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. ఫిక్స్‌డ్ అయితే వేయొచ్చు. 3 శాతం వేసినా, దాని మీద జీఎస్టీతో కలిపి లక్షకు 3,540. అది పోగా కూడా మీకు లాభమే. మిగతా 60 వేలు, బ్యాంకులో ఉన్న 40 వేలు కలిపి అత్యవసరాలకు ఉంచేయండి. ప్రైవేటు ఉద్యోగం, పైగా పెద్దావిడ ఇంట్లో ఉన్నారు, దాన్ని ముట్టుకోవద్దు. చీటీ అయిపోతోంది కనుక ఇన్నాళ్లూ నెలనెలా దానికి కట్టిన సొమ్ము ఇప్పుడు మిగులుతుంది. ఇంకో చీటీ వేయకముందే అందులో రెండు వేలకు రికరింగ్ డిపాజిట్ పెట్టండి. ఇన్సూరెన్స్, సర్వీసు, ఎప్పుడో వచ్చే టైర్ల ఖర్చు అందులోంచి వెళ్లిపోతాయి. ఆదాయంలో కారుకు పోయే అయిదో వంతు ఇప్పట్లో తగ్గకపోయినా, చీటీ భారం పోయింది కాబట్టి ఊపిరి ఆడుతుంది.

ఇక షోరూమ్ వాళ్ల 21,400. మీరు పంపిన కోట్‌లో ఓన్ డ్యామేజ్ (మీ బండికి జరిగే నష్టానికి) 9,000, యాడ్ ఆన్లు (అదనపు రక్షణలు) 5,300, థర్డ్ పార్టీ (మీ బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి) 3,416, యజమాని ప్రమాద బీమా 420, ఆ పైన 18 శాతం జీఎస్టీ. మొదట కొట్టేయాల్సింది థర్డ్ పార్టీ. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కార్లకు థర్డ్ పార్టీ మూడేళ్లకు ఒకేసారి కట్టించుకుంటున్నారు. మీ పాత పాలసీ కాగితం తీసి చూడండి, 2028 జూన్ వరకు ఉంటుంది. ఇప్పుడు మీకు కావాల్సింది ఓన్ డ్యామేజ్ ఒక్కటే, దాన్ని ఏ కంపెనీ దగ్గరైనా విడిగా తీసుకోవచ్చు. రెండోది, నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) గడి ఖాళీగా ఉంది. ఏడాది క్లెయిమ్ లేదు కాబట్టి ఓన్ డ్యామేజ్ మీద 20 శాతం, అంటే 1,800 తగ్గాలి. యాడ్ ఆన్లలో జీరో డిప్రిసియేషన్ (రిపేరులో మార్చిన భాగాలకు తరుగు కోయకుండా డబ్బిచ్చేది), ఇంజిన్ ప్రొటెక్షన్ ఉంచి తాళం చెవి, టైరు లాంటివి తీసేయండి. వేరే ఊరివాళ్లైతే ఇంజిన్ ప్రొటెక్షన్ కూడా వద్దనేవాణ్నేమో. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు బండ్లు మునిగింది మీరు చూసినవారే. నీళ్లలో మునిగిన బండిని స్టార్ట్ చేస్తే ఇంజిన్ పట్టేస్తుంది, మామూలు పాలసీలో దానికి డబ్బు రావడం కష్టం. ఇవన్నీ సరిచేస్తే పన్నుతో కలిపి 12 వేల చిల్లర అవుతుంది.

ప్రీమియం తగ్గిస్తామంటూ ఐడీవీని, అంటే పాలసీలో రాసే బండి విలువను, దించేవాళ్లతో జాగ్రత్త. బండి పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చేది ఆ మొత్తమే. కొత్త ధర 5.85 లక్షల మీద 20 శాతం తరుగు తీసేస్తే 4.68 లక్షలు. లోను 4.47 లక్షలుండగా ఐడీవీని 4 లక్షలకు దించారనుకోండి, బండి పోయాక కూడా 47 వేలు మీరు బ్యాంకుకు బాకీ ఉంటారు. ఎనిమిది, తొమ్మిది వందల ప్రీమియం కోసం ఆ బేరం వద్దు.

బంపర్ గీతకు క్లెయిమ్ వద్దు. 4,800లో ప్రతి క్లెయిమ్‌లోనూ యజమాని భరించాల్సిన 1,000 ఎలాగూ మీరే పెట్టుకోవాలి, వచ్చేది 3,800. కానీ క్లెయిమ్ లేకుండా గడిచే ఒక్కో ఏడాదికి పెరిగే బోనస్ మెట్లు 20, 25, 35, 45, 50 శాతం. ఇప్పుడు క్లెయిమ్ చేస్తే ఈసారి సున్నా, అక్కణ్నుంచి ప్రతి మెట్టూ ఒక ఏడాది వెనక. అయిదేళ్లలో మొత్తం 50 పాయింట్లు పోతాయి. 9,000 మీద అది 4,500, జీఎస్టీ వేరే. ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఏటా కాస్త తగ్గుతుంది కనుక లెక్క అటూ ఇటూ అవుతుంది, అయినా లాభం లేదు. బయట పెయింటర్‌ని అడగండి, ఇంకా తక్కువకే చేస్తాడు. లేదా ఆ గీత అలాగే ఉండనివ్వండి, చిన్న కారుకు గీత లేకపోతే విజయవాడలో తిరగలేదనుకుంటారు.

ఎస్‌యూవీ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. ఎక్స్చేంజ్ బోనస్ కలిపినా మరో నాలుగైదు లక్షల లోను, మళ్లీ మొదటి ఏడాది తరుగు. మీ బావమరిది గారు ఈఎంఐలో సగం కడతానంటే అప్పుడు ఆలోచిద్దాం.

ఫాస్టాగ్ వార్షిక పాస్ గురించి మీరు అడగలేదు కానీ హైదరాబాద్ వెళ్తుంటారు కనుక చెబుతున్నా. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలతో, ఏడాదికి 200 టోల్ దాట్ల వరకు మొదలుపెట్టారు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు లాంటి జాతీయ రహదారి ప్లాజాల్లో చెల్లుతుంది, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డులో చెల్లదు. నిరుటి ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ తీసి కూడండి. జాతీయ రహదారుల మీద మీ టోల్ పాస్ ధర దాటకపోతే కొనొద్దు.

రెన్యువల్‌ని మాత్రం గడువు తేదీ దాకా లాగకండి, వారం ముందే చేసేయండి. ఒక్కరోజు దాటినా కంపెనీలు బండి ఇన్‌స్పెక్షన్ అడుగుతాయి, బంపర్ మీది గీత కూడా ఆ ఫొటోల్లోకి ఎక్కుతుంది. 90 రోజులు దాటితే ఆ 20 శాతం బోనస్ కూడా పోతుంది.